పో అంటే పోయిన బంతి

బంతి నీడ పొయ్యి మీదికి వచ్చేసరికి దోసెల పిండి అయిపోవాలి. అదీ కుప్పమ్మ లెక్క. పాకాల స్టేషను పక్క మైదానం అంచున ఆమె బండి. పొద్దున్నే రైలు పట్టాల మీద పడే నీడ మెల్లిగా మైదానం దాటి ఆమె దాకా వస్తుంది.

ఆ బంతిది కుప్పమ్మ కూతురు పల్లవి ఈడు. పల్లవి కడుపులో ఉన్నప్పుడు కుప్పమ్మ మొగుడు మునిరత్నం దాన్ని తన్నాడు. పైకి పోయింది, ఇంకా దిగలేదు. కాకులు దానిమీద వాలి రెక్కలు సర్దుకుంటాయి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళిస్తుంది. దాంతో ఊళ్ళో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అది గోలా కాదా అనే.

పాకాలలో మొదట ఒకటే క్లబ్బు. కొత్త బంతికి గాలి మేము కొట్టాలంటే మేమని పంపు పట్టుకుని పీక్కుని రెండయ్యారు. రైలు కాలనీ వాళ్ళది లోకో క్లబ్బు, బజారు వాళ్ళది సంతపేట క్లబ్బు. ఆపైన మంగలి షాపులు రెండు, టీ బంకులు రెండు. లోకో వాళ్ళు సంతపేటలో వంకాయలు కొనరు. పుచ్చులుంటాయని కాదు, లేకపోతే మెచ్చుకోవాల్సి వస్తుందని. మగవాళ్ళ పౌరుషం వంకాయ దాకా వచ్చాక ఇంక చెప్పేదేముంది.

మునిరత్నం లోకో. ఆ పొద్దు గోల్లో నిలబడింది సంతపేట దేవరాజులు, కుప్పమ్మ సొంత తమ్ముడు. చెరొక గోలు కొట్టి సమానంగా ఉన్నప్పుడు బంతి లేచింది. గోలే అన్నాడు బావ. దిగనీ, పట్టుకుంటానన్నాడు బావమరిది. ఇద్దరూ కాణిపాకం పోయి తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేశారు. ఇద్దరికీ ఏమీ కాలేదు. దిగని బంతికి అబద్ధం యాడిది? దేవరాజులు మాత్రం "పోతా కా" అని అక్క గడప దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. మిల్లులో పని కాగానే వచ్చి గోల్లో చేతులు చాపుకుని నిలబడతాడు. పెళ్ళిపందిరి కూడా అక్కడే వేయించుకున్నాడు.

ఆ ఆట ముగిసేదాకా మైదానంలో ఇంకో ఆట పెట్టకూడదు. రెండు క్లబ్బులూ ఒప్పుకున్న మాట అదొక్కటే. అందుకే పల్లవి గూడ్సు షెడ్డు గోడకు తన్ని తన్ని ఆట నేర్చింది. ఇప్పుడు తిరుపతి నుంచి కోచ్ రూపశ్రీ ఆదివారం వస్తానంది. మ్యాచిలో పిల్ల ఆట నచ్చితే టీములోకి తీసుకుంటుంది. ఈ ఏడు తప్పితే పల్లవికి వయసు దాటిపోతుంది.

ఆ ఒక్క పూట మ్యాచి పెట్టమని కుప్పమ్మ రెండు క్లబ్బుల గడపలూ తొక్కింది.

"నీ తమ్ముడు సంతపేటోడు గదమ్మా," అన్నారు లోకో వాళ్ళు.

"నీ మొగుడు లోకో గదక్కా. ముందు ఆ బంతి దిగనీ, సూస్తాం," అన్నారు సంతపేట వాళ్ళు.

"మీ మీసాలు దిగితే అదే దిగుతాది," అని తిట్టి వచ్చేసింది.

ఆదివారం పొద్దున పల్లవి బూట్లు భుజాన వేసుకుని బండి ముందుకొచ్చింది.

"యాడికే?"

"యాడికేముంది, గోడ కాడికే. పోతా."

"పోతా అంటావా! పోయొస్తా అనాల. పోతా అన్నోళ్ళు యాడ తిరిగొచ్చినారు..." అట్లకాడ గాల్లో ఆగింది. పెనం మీద దోసె మాడింది.

మునిరత్నం ఎప్పటిమాదిరే బెంచీ మీద మెడ పైకెత్తుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఆ పొద్దు తన్నేటప్పుడు బంతికి ఏం జెప్పినావు?"

"బంతికేం సెప్తారు మే? పో అన్నా."

"ఉత్త పో నా?"

"గట్టిగానే అన్నా."

"నీ నోరు పడిపోను! సుట్టం బయల్దేరితే పోయిరా అంటాం. మేతకు పొయ్యే ఆవుకు గూడా అంటాం. పో అంటే అది యా మొగం పెట్టుకోని వస్తాది? మానం ఉండే బంతి! లెయ్, పిలువు."

మునిరత్నం లేవలేదు. "పిలిస్తే వస్తాది మే. వొచ్చి నీ తమ్ముడి సేతిలో పడితే? నా గోలు?"

"నీ గోలు గావాల్నా, బిడ్డ ఆట గావాల్నా?"

మునిరత్నం కూతురి బూట్లవైపు చూశాడు. ఒక్క మ్యాచి ఎరగని బూట్లు, గోడ సున్నంతో తెల్లగా ఉన్నాయి. లేచాడు. తువ్వాలు తీసి నడుముకు కట్టుకున్నాడు.

"రా నాయనా," అన్నాడు మెల్లగా. "తెలీక అన్నా. వచ్చెయ్."

కాకి ఎగిరిపోయింది. అలిగిన చుట్టం మెట్లు దిగినట్టు బంతి దిగింది. ఆదివారం సెలవని పొద్దున్నుంచీ గోల్లోనే ఉన్న దేవరాజులు దాన్ని రొమ్ముకు హత్తుకుని వెనక్కి పడ్డాడు.

"గోల్!" అని అరుస్తూ లోకో వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వెనకే సంతపేట వాళ్ళు.

"గోలేంది, పట్టినాడు!"

"గీత దాటినాడప్పా!"

గీత యాడుంది? ఎన్ని వానలకో కొట్టుకుపోయింది. రెఫరీ మునిరామయ్య, పళ్ళూడినా విజిలు వదలనివాడు, ఇన్నేళ్ళు బిగబట్టిన ఊపిరంతా ఊదాడు. "ఆట అయిపాయ! సమానం!"

దేవరాజులు దుమ్ములోనే కూర్చుని బంతిని వాసన చూశాడు. అక్కను చూసి కళ్ళు దించుకున్నాడు. బంతిని మేనకోడలి చేతిలో పెట్టాడు. "ఇంద పాపా. నీ ఈడుదే."

తిరుపతి రైలు దిగిన రూపశ్రీ వచ్చి అడిగింది. "పల్లవిది ఏ క్లబ్బు?"

"మాది!" అన్నారు లోకో వాళ్ళు. "మాది!" అన్నారు సంతపేట వాళ్ళు.

"ఇప్పుడొస్తిరా, పుచ్చొంకాయల్లారా," అంది కుప్పమ్మ. "సగం ఆట వీళ్ళకు, సగం వాళ్ళకు. ముందు లోకో. నిలబడండి."

సంతపేట గోల్లో మళ్ళీ దేవరాజులే. పల్లవి బంతి మీదికి వంగి ఏదో అంది. ఏమందో కుప్పమ్మకు తెలుసు. తన్నింది.

ఊరంతా అలవాటుగా తలెత్తి ఆకాశం చూసింది. దేవరాజులు కూడా. బంతి అప్పటికే అతని వెనక గోల్లో ఉంది.

చూసింది రూపశ్రీ ఒక్కతే. ఆమెది పాకాల కాదు గదా.