అక్క వేళ్ళకు రాని శబ్దం

నాకు ముక్కు మీదే కోపమని ఇంట్లో అందరూ అంటారు. అననివ్వండి. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషికి ఎంత ఓపిక ఉండాలో వాళ్ళకేం తెలుసు? పొద్దంతా షాపులో ఓపిక పట్టి, మిగిలిన కాస్త కోపాన్ని ఇంటికొచ్చి పంచుతాను. ఈ కథ మాత్రం కోపంతో మొదలవలేదు. ఒక శబ్దం ఎలా పుడుతుందో తెలుసుకోవాలన్న దురదతో మొదలైంది.

ఎనభైల నాటి రాక్ పాట ఒకటుంది. రెండో చరణం అయిపోగానే అందరూ ఆగిపోతారు. బాస్ గిటారు ఒక్కటే ఒక పొడుగాటి స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది. మా క్యాసెట్టులో ఆ స్వరం తిన్నగా ఉండదు. నిండు బకెట్టు మోసుకెళ్తుంటే లోపల నీళ్ళు ఊగినట్టు ఊగుతుంది. ఆ ఊగుడు కోసమే మా అక్క బాస్ నేర్చుకుంది. ఆ ఊగుడు రాలేదనే మానేసింది కూడా.

అప్పుడు అక్కకి ఇరవై ఒకటి, నాకు పన్నెండు. కాలేజీ పోటీలకి ఆ పాటే ఎంచుకున్నారు. అక్క ఆ ఒక్క స్వరం మీద నెలరోజులు కూర్చుంది. వేలిని తీగ మీద అటూ ఇటూ కదిపింది, తీగని పక్కకి లాగింది, గిటారు మెడని కాస్త వంచి చూసింది. ఊహూఁ. పోటీకి ముందు రోజు గిటారుకి గుడ్డ చుట్టి నా మంచం కింద పెట్టి, "నా వేళ్ళలో లేదే చిట్టీ" అంది. ఆ వేళ్ళతోనే ఇప్పుడు ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని చేస్తోంది. ఎవరికీ దొరకని నరం అక్కకి ఒక్క పోటుతో దొరుకుతుంది. అయినా గిటారు మాటెత్తితే "నాకు చేతకాదు" అంటుంది, ముఖం తిప్పుకుంటుంది. మంచం కింద గిటారు అలా నాదైపోయింది.

ఇప్పుడు మేం ముగ్గురం కలిసి పాత రాక్ పాటలు వాయిస్తాం. పాడుతూ గిటారు వాయించేది లెక్కల మాస్టారు. డ్రమ్స్ అక్క మొగుడు, అంటే మా బావ. బాస్ నేను. ఒక హాల్లో ఆదివారం మధ్యాహ్నం కార్యక్రమం ఒప్పుకున్నాం. తొమ్మిది పాటలు. అందులో ఆ పాట కూడా పెట్టాడు మాస్టారు.

"అక్కా, ఆ ఒక్క పాటకి నువ్వు రావే," అన్నాను ఆ రోజు భోజనాల దగ్గర.

అక్క తల కూడా ఎత్తలేదు. "ఆ శబ్దం రప్పించు. వస్తా."

"నిజంగా?"

"ముందు రప్పించవే తల్లీ. కోతలు తర్వాత."

బావ బల్ల కింద నా కాలు తొక్కాడు. ముప్పై ఏళ్ళలో అక్క "వస్తా" అనడం అదే మొదటిసారి. అక్క చేతికి ఆ గిటారు మళ్ళీ వెళ్ళాలని నాకెంత కోరికో నోటితో చెప్పలేను. మంచం కింద నుంచి తీసుకున్న వస్తువు ఎన్నాళ్ళు వాయించినా మనదిగా అనిపించదు.

మర్నాడే పెట్టెల బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన షాపు నిండా గిటారు శబ్దాన్ని మార్చే చిన్న చిన్న ఇనప పెట్టెలే. కాలితో తొక్కితే పనిచేస్తాయి, అందుకని పెడల్స్ అంటారు. ఆయన్ని కదిపితే చాలు, కొట్టు మూసే దాకా చెబుతూనే ఉంటాడు. వినడానికి నాకూ సరదాయే.

"ఇది కంప్రెసరు," అన్నాడు మొదటి పెట్టెలో తీగ గుచ్చుతూ. "గట్టి దెబ్బనీ మెత్తటి దెబ్బనీ ఒక్క ఎత్తుకి తెస్తుంది. స్వరం చాలాసేపు నిలుస్తుంది. ఎనభైల పాటలంటున్నావు కదా, ఇది లేకుండా కుదరదు."

వాయించాను. స్వరం గోడలా నిలబడింది. ఊగలేదు.

రెండోది ఓవర్‌డ్రైవ్. దాని గరగర వింటే మా షాపుకొచ్చే తుప్పు పట్టిన మిషన్ గుర్తొచ్చింది. మూడోది ఫ్లాంజరు. అది తొక్కగానే తల మీంచి విమానం వెళ్ళినట్టు ఒక ఊళ. "అబ్బో!" అన్నాను, బాగుంది గానీ మనది కాదు. నాలుగోది కోరస్. ఒకే మాటని ఇద్దరు కలిసి చెబుతున్నట్టు, రెండోవాడు వెంట్రుకవాసి వెనకబడ్డట్టు. దానికి తిప్పే మరలు రెండు. ఒకటి వేగం, ఒకటి లోతు. లోతు పెంచేసరికి శబ్దం ఊగడం మొదలైంది. దగ్గరికొచ్చింది. కానీ ఇంకా అది కాదు. ఇందులో ఒక స్వరం కదలకుండా ఉంటే, ఇంకొకటి దాని చుట్టూ ఊగుతోంది. మా క్యాసెట్టులో మొత్తం స్వరమే ఊగుతుంది.

"అసలు ఆ పాట వినిపించమ్మా," అన్నాడు బాబాయ్.

ఫోనులో పెట్టాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇందులో ఊగుడు లేదు తల్లీ. తిన్నగా ఉంది."

"ఫోనులో బాస్ ఎక్కడ వినపడుతుంది బాబాయ్? దోమ పాడినట్టు ఉంటుంది. పెద్ద స్పీకర్లలో వినాలి," అని కసిరాను. పాపం, ఆయన నవ్వాడు. వాడి చూసి తెమ్మని కోరస్ పెట్టె చేతికిచ్చి పంపాడు.

పది రోజులు దానితో కుస్తీ పట్టాను. వేగం ఇంత, లోతు అంత అని చీటీ మీద రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాను. సాధనలో మాస్టారు, "ఆ స్వరంలో ఊగుడేదీ నాకెప్పుడూ వినపడలేదండీ," అన్నాడు. "చెవుల్లో సుద్దముక్కలు పెట్టుకుంటే ఎలా వినపడుతుందండీ," అన్నాను. బావ డ్రమ్ము వెనక నక్కాడు. ఒక్కరికి కూడా నా మాట మీద నమ్మకం లేదు. వాళ్ళ మాట మీద నాకు అంతకన్నా లేదు.

ఇక లాభం లేదని అక్క దగ్గరున్న పాత క్యాసెట్ ప్లేయరు అడిగి షాపుకి తెచ్చుకున్నాను. ఆరు నెలలకోసారి తుడిచి, ఒక పాట తిప్పి, మళ్ళీ అలమరలో దాస్తుంది అక్క. ఒక పక్క క్యాసెట్టు, ఒక పక్క నా గిటారు, కోరస్ పెట్టె. ముందు వినడం, తర్వాత వాయించడం. చుట్టూ మూతలు ఊడదీసిన మిషన్లు. బేరం రాకపోతే రాకపోయిందని తలుపు దగ్గరగా వేసుకున్నాను.

ఆరోసారో ఏడోసారో వింటుంటే ఒక చిత్రం జరిగింది. ఆ పొడుగు స్వరం అయ్యాక పాడేవాడి గొంతు మొదలవుతుంది కదా. ఆ గొంతు కూడా ఊగింది! ఇన్నేళ్ళూ బాస్ తప్ప మేమేం విన్నాం గనక? తర్వాతి పాట పెట్టాను. మొదట్లో పియానో నిదానంగా మోగుతుంది. అదీ ఊగింది. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ఏ పాటయినా, ఏ వాయిద్యమైనా, ఊగుడు మాత్రం ఒక్క లెక్కనే వస్తోంది. పాట వేగంతో దానికి సంబంధమే లేదు.

నా పని నాకు తెలుసు. చక్రం తిరిగినప్పుడల్లా ఒకే చోట చప్పుడొస్తే, తిరిగేదాంట్లో ఎక్కడో వంకర ఉన్నట్టు. వెనకవైపు నాలుగు మరలు విప్పి మూత తీశాను.

లోపల మోటారు నుంచి చక్రానికి ఒక నల్ల రబ్బరు ఉంగరం. కంపెనీ వాళ్ళది కాదు. సైకిల్ ట్యూబుని అడ్డంగా కోస్తే వచ్చే ఉంగరం అది. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. అంచు నిండా కత్తెర జారిన గాట్లు. ఆ కోత ఎవరిదో నాకు వెంటనే తెలిసిపోయింది.

అక్క పద్దెనిమిదో పుట్టినరోజుకి నాన్న ఆ ప్లేయరు, ఆ క్యాసెట్టు తెచ్చి, సాయంత్రం ఇద్దామని బట్టల వెనక దాచాడు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను తీసి తిప్పాను. లోపల టప్‌మని ఏదో తెగింది. తొమ్మిదేళ్ళ పిల్లని. భయంతో మూత విప్పి, మేకుకి వేలాడుతున్న నాన్న పాత ట్యూబు కోసి ఉంగరం వేశాను. తిరిగింది! నా జీవితంలో నేను చేసిన మొదటి రిపేరు అది. సాయంత్రం అక్క పాట విని గెంతులేసింది. నేనా సంగతి మరిచేపోయాను. అక్క మాత్రం నా రబ్బరు వంకరని పాట గొప్పతనం అనుకుంది. అది తన వేళ్ళకి రాలేదని గిటారుకి గుడ్డ చుట్టింది.

పెట్టెల బాబాయ్‌కి ఫోను చేసి విషయం చెప్పాను. ఆయన కాసేపు నవ్వాడు, తర్వాత నవ్వడం ఆపాడు. "ఆ పెట్టె పక్కన చిన్న మీట ఉంటుంది చూడు. కిందికి నొక్కితే కదలని స్వరం పోయి ఊగేది ఒక్కటే మిగులుతుంది," అన్నాడు.

నొక్కాను. వేగం బాగా తగ్గించి వాయించాను. వచ్చింది. అచ్చం అదే.

ఇప్పుడేం చెయ్యాలి? నోరు మూసుకుని పెట్టె తీసుకెళ్తే చాలు, అక్క వస్తుంది. మాటంటే మాటే తనకి. కానీ తన వేళ్ళలో లేనిది పెట్టెలో ఉందని నమ్ముతూ వస్తుంది. నిజం చెబితే అసలు రాకపోవచ్చు, నా ముఖం కూడా చూడకపోవచ్చు. ఆ పూట నేను ముట్టుకున్న ప్రతి మిషనూ తప్పుగానే బిగించాను.

శనివారం పొద్దున వెళ్ళాను. అక్క డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. గుడ్డ చుట్టిన గిటారుని గోడకి ఆనించి, ఉంగరం అక్క అరచేతిలో పెట్టాను.

"ఏంటిది?"

"నీ శబ్దం."

మొత్తం చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు. అక్క ఉంగరాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ వింది. వెడల్పు దగ్గర ఒకసారి ఆగింది, సన్నం దగ్గర ఒకసారి ఆగింది.

"అసలు పాటలో ఎలా ఉంటుంది?"

"తిన్నగా అక్కా. నువ్వు వాయించినట్టే."

"మొదటి రోజు వాయించినట్టా?"

"మొదటి రోజు వాయించినట్టే."

అక్క కుర్చీలో కూలబడింది. "నెలరోజులు వేళ్ళు వాచిపోయాయే. రాత్రిళ్ళు అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాను," అంది. తర్వాత గట్టిగా, "దొంగ మొహమా! ఆ రోజే చెప్పి చావొచ్చుగా!" అని ఉంగరం నా మీదికి విసిరింది. అది నా భుజానికి తగిలి మంచం కిందికి దొర్లిపోయింది. గుమ్మంలో బావ రెండు డ్రమ్ము పుల్లలు పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడ్డాడు.

"తిట్టు," అన్నాను. "ఎంత తిట్టినా పడతా."

అక్క ఇంక తిట్టలేదు. చెయ్యి చాపింది. "గిటారు ఇలా ఇయ్యి."

గుడ్డ విప్పి ఇచ్చాను. పెట్టె బయటికి తీయబోతే వద్దని తలూపింది. తీగ మీద వేలు పెట్టి, ఒక్కసారి మీటింది. స్వరం తిన్నగా లేచి, తిన్నగా నిలబడి, తిన్నగా ఆరిపోయింది. మళ్ళీ మీటింది. మళ్ళీ. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. ఆసుపత్రి నుంచి ఫోను మోగింది. మోగి మోగి ఊరుకుంది.

"రేపు ఎన్ని పాటలు?" అంది చివరికి.

"తొమ్మిది. అందులో నీది నాలుగోది."

"తొమ్మిదీ చెప్పు."

"తొమ్మిదీనా? మరి నేనో?"

"నువ్వు ముందు వరసలో కూర్చో. ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని."

నాకు కోపం రావాలి. రాలేదు. సాయంత్రం దాకా తొమ్మిది పాటలూ చెప్పాను. ఆరు తనకి వచ్చినవే.

ఆదివారం ముందు వరసలో, ఒళ్ళో పెట్టెతో కూర్చున్నాను. పక్కన పెట్టెల బాబాయ్. నాలుగో పాటలో రెండో చరణం అయ్యాక అందరూ ఆగారు. అక్క ఆ స్వరం పట్టుకుంది. హాలంతా ఆ ఒక్క స్వరమే. కాసేపటికి బావ డ్రమ్ముతో అందుకోవాలి. అందుకోలేదు. పుల్లలు గాల్లో పెట్టుకుని పెళ్ళాన్ని చూస్తూ ఉండిపోయాడు. మాస్టారు వెనక్కి తిరిగి కళ్ళురిమాడు. అక్క మాత్రం తొందరపడలేదు. బావ తేరుకునేదాకా ఆ స్వరాన్ని అలాగే మీటి, నిలబెట్టి, మళ్ళీ మీటి, తిన్నగా పట్టుకునే ఉంది.