రేలీన్ నల్ల కుర్చీలు

పందొమ్మిదేళ్ళుగా మా వీధిలో శుక్రవారం సాయంత్రమంటే మా ఇల్లే. ఐదు కొట్టేసరికి పక్క గేటు చప్పుడవుతుంది. ఎవరి బీరు సీసాలు వాళ్ళు ఐసుపెట్టెల్లో మోసుకొస్తారు, మా వెనక వరండాలో తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు లాక్కుని కూలబడతారు. ఆ కుర్చీల్లో రెండింటికి కాళ్ళు వంకర. నీడ కోసం పైన కట్టిన ఆకుపచ్చ వల ఓ మూల చిరిగింది. అయినా ఎవరూ ఏనాడూ వంక పెట్టలేదు. నిమ్మకాయ కావాలంటే గ్లెనిస్, సాసేజీలు మాడుతున్నాయంటే గ్లెనిస్, ఎవరి మెడకైనా దోమ కుడితే గ్లెనిస్. ఆ గ్లెనిస్‌ని నేనే. చెప్పుకోకూడదు గానీ, వారం మొత్తంలో నేనంటూ ఒక మనిషిని ఉన్నానని నాకు తెలిసేది ఆ మూడు గంటల్లోనే.

అలాంటిది కంచెకి అవతలి రేలీన్ తన పెరట్లో బార్ కట్టుకుంది.

రేలీన్ నాకు ప్రాణస్నేహితురాలు. ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో పనిచేస్తుంది. మొగుడు వదిలేసి పదేళ్ళయింది, కూతురు హోబార్ట్‌లో ఉంటుంది. పని ముగించుకుని కాస్త ఆలస్యంగా వచ్చినా, ఇన్నేళ్ళలో ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. అందరూ వెళ్ళిపోయాక ఉండిపోయి నేను కడిగిన గ్లాసులు తుడిచి పెట్టేది తనొక్కతే. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటిది బార్ కడుతుందని నేనేం కలగన్నానా?

పోయిన జూలైలో, అంటే మా చలికాలంలో, ఆమె పెరట్లో పడమటి మూలనున్న మల్బరీ చెట్టుకి పుచ్చు పడితే కొట్టేయించింది. ఆ ఖాళీ చూసి బుర్రలో పురుగు దొలిచినట్టుంది. ముందు కంచెకి నల్లరంగు వేసింది. నేను కంచె మీదనుంచి తొంగిచూశాను.

"ఎవరైనా పోయారా ఏంటే?"

"పోవే! నలుపు ముందు ఏం పెట్టినా ఎలా మెరుస్తుందో చూద్దువుగాని ఉండు."

నవ్వుకుంటూ లోపలికొచ్చాను. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. రెండు శనివారాలు మా ఆయన ట్రెవ్ కనబడకుండా పోయాడు. చూస్తే ఆ పెరట్లో చొక్కా విప్పి, పాత రైలు దుంగలు కోసి నల్లనూనె పట్టించి కౌంటరు బిగిస్తున్నాడు. మా చిరిగిన వల కుట్టమని మూడేళ్ళనుంచి అడుగుతున్నాను, నడుం నొప్పి అంటాడు. అక్కడ నడుం భేషుగ్గా వంగుతోంది!

"పొరుగింటి పుల్లకూర రుచిగా ఉందా?" అన్నాను రాత్రి భోజనాల దగ్గర.

"ఆవిడ చక్కగా పనిచేయించుకుంటుంది గ్లెన్. ఏం కావాలో ఆవిడకి తెలుసు," అన్నాడు, బంగాళాదుంప నోట్లో పెట్టుకుంటూ. మొగుళ్ళకి బుద్ధి పుట్టినప్పుడే లేదు.

తర్వాత మొక్కలొచ్చాయి. బొగ్గు రంగు కుండీల్లో నల్లచేమ, మోకాలెత్తు. కౌంటరు అంచున నల్లగడ్డి. కల్లు కుండంత కుండీలో వైను రంగు ఆకుల మెట్టతామర. అన్నీ నల్లనివే కదా, చావింటిలా ఉంటుందిలే అనుకున్నాను. రేలీన్ ఓ ఆదివారం నన్ను పిలిచి చూపించింది.

"నలుపంటే ఒకటే నలుపు కాదే గ్లెన్. ఇదిగో ఈ ఆకు నిగనిగలాడుతుంది, ఆ గోడ మెరవదు, ఈ గడ్డిలో నీలం ఉంది. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. మధ్యలో ఒక్క ఇత్తడి దీపం. ఇంకేం పెట్టకూడదు."

ఇది ఎక్కడ నేర్చుకుంది? ఎవరు నేర్పారు? నాకు ఒక్క ముక్క చెప్పలేదు. "బాగానే ఉంది, దుమ్ము పడితే మాత్రం కనబడుతుంది" అని ఓ పుల్లవిరుపు మాట అనేసి వచ్చాను. నిజం చెప్తే, ఆ సాయంత్రం మా స్నానాలగదిలో తొట్టి అంచు మీద నిలబడి కిటికీలోంచి మళ్ళీ చూశాను. కుండీలు తడిసి ఉన్నాయి. దీపం వెలుగుతోంది. మామూలు సీసాలు కూడా ఖరీదైన సరుకులా కనబడుతున్నాయి. అంత అందమైనది మా వీధిలో నేనింతవరకు చూడలేదు. కడుపు మండిపోయింది.

జనవరంతా రేలీన్ కూతురి దగ్గరికి వెళ్ళి వచ్చింది. వచ్చాక ఆఖరి సరుకు దిగింది. నల్ల ఇనుప కుర్చీలు ఆరు, ఎత్తుపీటలు నాలుగు. ఆ వారంలోనే కూరగాయల కొట్లో ఎదురింటి వూలా కనిపించింది. ఆమె, ఆమె మొగుడు కోస్తాస్ మా శుక్రవారాలకి మొదటినుంచీ ఉన్నవాళ్ళు.

"ఈ శుక్రవారం రేలీన్ దగ్గరట కదా! ఇకమీదట అక్కడేనేమో! నీకూ చాకిరీ తప్పిందిలే తల్లీ," అంది నవ్వుతూ.

చాకిరీ! ఇంటికొచ్చి సంచిలోని ఉల్లిపాయలు బల్లమీద కుమ్మరించి, వాటిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఆ సాయంత్రమే రేలీన్ కంచె దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"గ్లెన్, నువ్వయితే అనుభవం ఉన్నదానివి. ఎన్నింటికి పిలవనే వాళ్ళని?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫిబ్రవరి మాకు రోళ్ళు పగిలే ఎండల నెల. మల్బరీ చెట్టు పోయినప్పటినుంచి కంచెకి ఇవతల నా తీగమీద దుప్పట్లు అరగంటలో ఎండిపోతున్నాయి. మూడింటినుంచి ఆరున్నర దాకా పడమటి ఎండ ఆ మూలని తినేస్తుంది. రేలీన్ పనినుంచి వచ్చేసరికి ఏడు, అప్పటికి వెనకింటి కప్పు నీడ పడిపోతుంది. కుర్చీలు వచ్చాక దొరికిన ఒక్క ఆదివారం మబ్బేసింది. ఆ ఎండ సంగతి ఆమెకి తెలియదు. నాకు తెలుసు. శుక్రవారం ముప్ఫై తొమ్మిది డిగ్రీలని ఉదయమే రేడియోలో విన్నాను కూడా.

"నాలుగింటికి పిలువు," అన్నాను. "వెలుతురుంటే మొక్కలు బాగా కనబడతాయి."

"అవును కదూ! సగం రోజు సెలవు పెడతాను," అని కంచె మీదనుంచే నా చెయ్యి నొక్కి వెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నమంతా ఆమె వంటింట్లో పళ్ళేలు సర్దుకుంటూ ఉండిపోయింది. నాలుగింటికి అందరం వెళ్ళాం. కోస్తాస్ పొట్టి నిక్కరు వేసుకొచ్చాడు. "అబ్బో, రాణీగారి దర్బారు!" అంటూ నల్ల కుర్చీలో ఠీవిగా కూర్చుని, కెవ్వున లేచాడు.

"వామ్మో! తొడలు కాలిపోయాయి! ఇది కుర్చీయా, పెనమా?"

అందరూ నవ్వారు. ట్రెవ్ కౌంటరు మీద మోచెయ్యి ఆనించి తిట్టుకుంటూ తీశాడు. వూలా తెచ్చిన, అన్నం కూరిన ద్రాక్షాకు చుట్టలు పళ్ళెంలోనే ఎండిపోవడం మొదలెట్టాయి. రేలీన్ తువ్వాళ్ళు తెచ్చి కుర్చీలమీద పరిచింది. తువ్వాళ్ళు కూడా వేడెక్కాయి. గొట్టం పెట్టి నీళ్ళు కొట్టింది. ఆవిరి లేచింది. నల్లచేమ ఆకులు ఒక్కొక్కటే తలలు వేలాడేశాయి. వాటిని చూసి ఆమె చేతిలో గొట్టం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అందరూ కంచెనీడ కోసం గోడకి బల్లుల్లా అతుక్కున్నారు, ఆ కంచె కూడా సెగలు కక్కుతోంది.

మా వరండా సంగతి నేనెత్తకూడదు. వాళ్ళంతట వాళ్ళే అనాలి.

"గ్లెన్, పుణ్యముంటుంది, మీ వరండా తలుపు తియ్యమ్మా!" అన్నాడు చివరికి కోస్తాస్.

ఎంత హాయిగా ఉందో ఆ మాట! ఐదు నిమిషాల్లో అందరూ నా తెల్ల కుర్చీల్లో ఉన్నారు. "నువ్వు లేకపోతే చచ్చేవాళ్ళం," అంది వూలా. రేలీన్ చివరగా వచ్చింది, పళ్ళేలు పట్టుకుని, చెమటకి జుట్టు నుదుటికి అంటుకుని. "దేవతలా ఆదుకున్నావే," అంది నాతో. నేను ఫ్రిజ్ వైపు తిరిగిపోయాను.

అప్పుడే ట్రెవ్ పెద్ద ఐసుపెట్టె మూత తీశాడు.

"ఇదేంటి? రెండు మూటల ఐసు, నిండుగా? కుర్చీలు కూడా తుడిచి పెట్టావే. ఇవాళ మనింట్లో కాదని పొద్దున నువ్వే అన్నావుగా?"

ఎవరూ పట్టించుకోలేదు. వూలా ఏదో చెప్తోంది, కోస్తాస్ తొడలమీద తడిగుడ్డ వేసుకుంటున్నాడు. రేలీన్ మాత్రం నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిమ్మకాయ కొయ్యడం మొదలుపెట్టాను. ఆ తర్వాత రెండు గంటలు ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు.

అందరూ వెళ్ళాక, ఎప్పటిలాగే నేను కడుగుతుంటే తను తుడుస్తోంది.

"నీ దుప్పట్ల తీగ అక్కడే కదా గ్లెన్," అంది నెమ్మదిగా. "నీకు తెలుసు కదూ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

"తెలుసు."

ఆమె తువ్వాలు బల్లమీద పెట్టింది. గ్లాసులు సగం తడిగానే ఉన్నాయి. వెనక గేటు తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను కోరుకున్నవన్నీ ఆ వరండాలోనే ఉన్నాయి, మనుషులూ, నవ్వులూ, నా పేరూ. ఒక్కటీ లోపలికి దిగలేదు.

నాలుగు రోజులు కంచె దగ్గరికి రాలేదు తను. బుధవారం పొద్దున ఆగలేక వూలా వాళ్ళ తలుపు కొట్టాను. ఈ శుక్రవారం రేలీన్ ఇంట్లో, ఏడింటికి, అన్నాను. పోయినసారి నాలుగని చెప్పించింది నేనే, కావాలనే, అని కూడా అన్నాను. కోస్తాస్ పగలబడి నవ్వి నిక్కరు పైకి లాగి వాత చూపించాడు. వూలా నవ్వలేదు.

"దాని ఎదుట చెప్పావా ఈ మాట?"

"చెప్తాను."

"చెప్పాకే మేం వస్తాం," అని తలుపేసింది.

వెళ్ళాను. రేలీన్ వాడిన ఆకులు కత్తిరిస్తోంది. కొత్తగా రెండు చిగుళ్ళు చుట్టలు విప్పుతున్నాయి. నేను చెప్పుకున్నదంతా వింది. ఏడింటికి రమ్మని అందరికీ చెప్పానని అన్నాను.

"సరే," అంది. అంతే.

శుక్రవారం ఏడింటికి ఆ మూలంతా చల్లబడింది. దీపం వెలిగించింది. ఇనుప కుర్చీ వీపుకి హాయిగా తగిలింది, ఆ హాయి కూడా నాకు గుచ్చుకుంది. అందరూ ఆకులు నిమురుతున్నారు, ఇది ఎక్కడ దొరికింది, అది ఎండకి తట్టుకుంటుందా అని ఆమెనే అడుగుతున్నారు. ట్రెవ్ తను కోసిన దుంగ మీద చేత్తో రాసి మురిసిపోతున్నాడు. ఒక్కరు నన్ను ఒక్కటి అడగలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

రేలీన్ నాకు గ్లాసు ఇచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

"ఎలా ఉందో నువ్వు ఇంతవరకు చెప్పలేదు," అంది.

"బాగుంది రే. చాలా బాగుంది." గ్లాసు కిందపెట్టాను. "కుళ్ళుతో చచ్చిపోతున్నాను."

ఆమె నా వైపు తిరగలేదు. కోస్తాస్ ఏదో అంటే అందరూ నవ్వుతున్నారు, వాళ్ళవైపే చూస్తోంది.

"తెలుసు," అంది. "పందొమ్మిదేళ్ళు మీ గ్లాసులు తుడుస్తూ నేనూ అలాగే చచ్చాను."