రాజవ్వ ఒడి

బొంబాయి కామాటిపురలో పొద్దున్నే నల్లా దగ్గర బిందెల లొల్లి, ఆ వెంటనే కూలీలు పని కోసం నిలబడే నాకాకు పోయే పాలమూరు వాళ్ళ చెప్పుల చప్పుడు. వరస గదుల చాలీ గ్యాలరీలో కూర్చుని రాజవ్వ ఆ రెండూ వినేది. దసరా దాటితే ఆమెకు అవీ ఉండవు. మిల్లు సమ్మెలో పని పోయిన కొడుకు నారాయణ, ఒంటిగది ఖోలీలో ఆమె పడుకునే మూలను కిరాయికిచ్చి ఆమెను పాలమూరు వైపు సొంతూరికి పంపేద్దామనుకున్నాడు.

"ఖోలీల జాగ లేదవ్వా" అన్నాడు తల దించుకొని.

ఊళ్ళో ఇప్పుడామెను గుర్తుపట్టేవాళ్ళే లేరు. రాజవ్వకు పోవాలని లేదు.

ఒక పొద్దున కూలికి పోయిన పక్కింటి ఎల్లమ్మ చంటివాణ్ణి ఎత్తుకొని పని దొరక్క తిరిగొచ్చింది. చంకలో పిల్లాడున్న ఆడమనిషిని మేస్త్రీ పనికి పిలవడట. ఇక్కడ పండబెట్టి పొమ్మని రాజవ్వ తన ఒడి చూపించింది. మర్నాడు గంగవ్వ తన ఇద్దర్నీ తెచ్చింది. వారం తిరక్కముందే గల్లీలోని పసివాళ్ళంతా అక్కడే. ఒడి నిండలేదు. ఎందరొస్తే అంత పరుచుకునేది. ఆ చివరికి పాకిపోయినవాణ్ణి గంజికి పిలవాలంటే గట్టిగా కేకెయ్యాలి. గ్యాలరీ ఊడవడం కష్టమవుతోందని తప్ప చాలీలో ఎవరికీ ఫిర్యాదు లేదు. ఇళ్ళలో వంతులేసుకొని గంజి కాచారు. బాలమ్మ పాత చీరలతో బొంతలు కుట్టింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. చాలీ కమిటీ పెద్ద శంకర్రావు వచ్చి, పసిపిల్లల్ని చూసుకునే బాల్వాడీకి మున్సిపాలిటీ మంజూరీ కావాలనీ, ఎప్పుడో అర్జీ పెట్టామనీ, అది వచ్చేదాకా ఆగమనీ చెప్పాడు.

"పోరలు ఏడ్వనీకి మంజూరీ అడుగుతరా శంకర్రావ్?" అంది రాజవ్వ.

ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఆయన ఇంటి నుంచీ పాలు వచ్చాయి.

దసరా దాటింది. పని కోసం తిరిగి తిరిగి ఒక సాయంత్రం నారాయణ వాడిన మొహంతో వచ్చాడు. రేపే ప్రయాణమని అవ్వకు చెప్పాలి. కూలికి పోయిన తల్లులింకా రాలేదు, గ్యాలరీ నిండా పిల్లలు. ఎదురుగా వచ్చి చెప్పులతోనే నిలబడిపోయాడు.  ఎల్లమ్మ కొడుకును రాజవ్వ కొంచెం పక్కకు జరిపింది.

"రా కొడుకా. జాగ ఉన్నది."

నారాయణ చెప్పులు విడిచి వచ్చి ఒడిలో తల పెట్టాడు. సమ్మె మొదలైనప్పటి నుంచీ అతనికి సరైన నిద్ర లేదు.

తెల్లారింది. పాలమూరు పోయే బండి వేళయింది. ఎల్లమ్మ తన కొడుకును తెచ్చి నారాయణ పక్కనే పడుకోబెట్టి నాకాకు వెళ్ళింది. రాజవ్వ ఎవర్నీ లేపలేదు.