చేప నూనె సీసాలు

ఇండియా ప్రయాణమంటే వైశాలి సూట్‌కేసులో సగం చుట్టాలదే. ఈసారీ అంతే. చాక్లెట్లు పోను మిగిలిందంతా చేప నూనె మాత్రల సీసాలు. గుండ్రాయిల్లా ఉన్న పిన్నులకూ అత్తలకూ ఆస్ట్రేలియా మాత్రలంటే అదో మోజు.

ఆస్ట్రేలియాలో వాళ్లుండే టార్నీట్‌లో పక్కింటి మెహ్రీది ఇరాన్. ప్రయాణం దగ్గర పడ్డాక మందులున్న చిన్న సంచీతో వచ్చింది. వాళ్లక్క కొడుక్కి మూర్ఛ. ఇరాన్ మీదున్న ఆంక్షలు మందులకు వర్తించవంటారు గానీ, వాటికి డబ్బు పంపాలంటే బ్యాంకులు జంకుతాయి. దాంతో అక్కడి షాపుల్లో ఆ మందు కరువైంది. పోస్టులో పంపితే తిరిగొచ్చింది.

"మా తమ్ముడు హైదరాబాదులో చదువుతున్నాడు. వచ్చే వారం ఇంటికెళ్తున్నాడు. మీవాళ్లింటికొచ్చి తీసుకుంటాడు," అంటూ డాక్టర్ చీటీ కూడా చూపించింది.

వైశాలి లోపలికెళ్లి చెప్తే, భర్త భానుప్రసాద్ వింటూనే తల అడ్డంగా ఊపాడు. "ఇరాన్ అంటున్నావ్, మందులంటున్నావ్. ఎయిర్‌పోర్ట్‌లో ఆపితే మన పీఆర్ వీసా ఏమవుద్ది? రిస్క్ ఎందుకే మనకి?"

ఆ భయం వైశాలికీ ఉంది. ఉన్నమాట మెహ్రీకి చెప్పేస్తే ఇంకెవరినైనా వెతుక్కునేది. పాడు మొహమాటం, చెప్పనిస్తేనా? బయటికొచ్చి, "లగేజీ వెయిట్ దాటిపోయింది మెహ్రీ, సారీ," అంది.

మెహ్రీ ఆ మాట నమ్మింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చింది. అట్టపెట్టెలన్నీ తీసేసి, ఉత్త మాత్రల షీట్లు చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది. మూట అరచేతిలో పట్టేంత ఉంది.

"ఇప్పుడు పడుతుందా?"

"వెయిట్ ఇంకా ఎక్కువే ఉంది," అంది వైశాలి, ఆమె మొహం చూడకుండా.

హైదరాబాదులో పిన్ని చేప నూనె సీసా అందుకుని మురిసిపోయింది. షోకేసులో పోయినసారి తెచ్చిన సీసా సీలు కూడా విప్పకుండా ఉంది. దాని పక్కనే ఇదీ పెట్టింది.

తిరిగొచ్చాక కంచె దగ్గర మెహ్రీ కనిపించింది. "బాబు ఎలా ఉన్నాడు?" అని భయపడుతూనే అడిగింది వైశాలి.

"పోయాడు. ఫిట్స్ ఆగలేదు."

వైశాలికి ఏడుపు ఆగలేదు. మెహ్రీయే కంచె మీదుగా చెయ్యి చాచి ఆమె భుజం నిమిరింది.

"నువ్వేం చేస్తావు, చోటు లేకపోతే? తప్పు నాదే. నీ సూట్‌కేసు నిండకముందే అడగాల్సింది," అంది.

వైశాలి అప్పుడు కూడా నిజం చెప్పలేకపోయింది.