విసుర్రాయిలో దాగిన గోధుమ

అమెరికా గోధుమలు మానేసి నెల కావచ్చింది. మనవరాలు రసూల్‌బీ బుగ్గలకు కాస్త కండ పట్టింది. కరువు రేషనులో ఇచ్చే ఆ గోధుమలు పిల్ల కడుపుకు పడవని, ఒక్క తునక కూడా పెట్టవద్దని అనంతపురం డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి అమీనాబీ ఇంట్లో కొర్రన్నం, జొన్నరొట్టెలే. పాలపొడి పాలు కూడా పడవని ఆమె తనకు తానే కనిపెట్టింది. అవి మాన్పించిన మూడోనాటికి పిల్ల కడుపుబ్బరం తగ్గింది. ఆ సంగతి శింగనమలలో తన వీధి వీధంతా చెప్పుకుంది, తానే డాక్టరైనట్టు.

ఇంతలో పీర్ల పండుగ దగ్గరికొచ్చింది.

"జేజీ, ఈతూరి నాకూ మలీద పెడ్తావా?"

గోధుమరొట్టెలు వేడిమీద నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి పీర్లకు పెట్టే ముద్ద అది. పోయినేడు అది తిని పిల్ల పదిరోజులు మంచం దిగలేదు.

"జొన్నలతో చేస్తా. నీకే పెద్ద ముద్ద," అని అమీనాబీ మాటిచ్చింది. ముందుగా చేసి చూద్దామని ఆ సాయంత్రమే జొన్నలు విసిరి, కొంచెం మలీద చేసి పెట్టింది. తెల్లారేసరికి పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది.

జొన్న నెలనాళ్లుగా తింటూనే ఉంది, ఏమీ కాలేదు. మరి బెల్లమా? నెయ్యా? ఏదీ పడకపోతే ఈ పిల్లకు ఏం పెట్టాలి?

అప్పుడే పక్కింటి తిప్పమ్మ చేటతో వచ్చింది. "అక్కా, నిన్న మధ్యాన్నం నీ రాయిమీద ఇసిరిన గోధుమలు చాల్లేదు. ఇంకో సేరు ఇసురుకుంటా." పండుగొస్తే వీధిలో ఆడవాళ్లంతా అమీనాబీ విసుర్రాయి దగ్గరికే వస్తారు. రాయి అడిగితే లేదనే ఆచారం లేదు.

అమీనాబీ గబగబా పోయి పైరాయి ఎత్తింది. రాతి గంట్లలో జొన్నపిండి అడుగున గోధుమ పొట్టు.

"దొరికినాడు దొంగ!" అని అరిచింది.

"ఏమక్కా, రాయితో మాట్లాడతాండావు?"

"జొన్నా కాదు, బెల్లమూ కాదు! నీ గోధుమపిండే నా జొన్నల్లో కలిసింది! తిప్పమ్మా, ఈ రాయి నువ్వే ఎత్తుకపో. పండగైనాంక గూడా తేవద్దు."

"ఉత్తిగనేనా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"పట్టింది, తీస్కపో!"

కొర్రలు దంచే రోలును మూడుసార్లు కడిగి ఎండబెట్టి, పండుగనాడు జొన్నలు అందులోనే దంచింది. చేతులు బొబ్బలెక్కినా లెక్కచేయలేదు. పీర్లచావిడిలో పీర్లను చూసుకునే ముజావరు పీరాసాబ్ ఆమె మలీద పళ్లెం చూసి ముఖం చిట్లించాడు.

"ఇదేంది అమీనా, ఇంత బరకగా ఉండాది? గోధుమలు లేవా?"

"పీర్లేమన్నా రేషన్ కార్డు పట్టుకోని వచ్చినారా అన్నా, గోధుమలే కావాలనేకి?"

పీరాసాబ్ పకపకా నవ్వి, ఫాతెహా చదివి మొదటి ముద్ద రసూల్‌బీ చేతిలో పెట్టాడు.

మర్నాడు తెల్లవారుతూనే అమీనాబీ మంచం తడిమింది. పిల్ల లేదు. బయటికి పరుగెత్తింది.

రసూల్‌బీ వంటింటి గడపమీద మలీద గిన్నె ఒళ్లో పెట్టుకుని అడుగు గీకుతోంది.

"జేజీ, అయిపోయినాది. మళ్లీ దంచుతావా?"

అమీనాబీ బొబ్బల చేతులు కొంగుకు తుడుచుకుని రోలు దగ్గరికి నడిచింది.