సగం సీసా నీళ్ళు

పొద్దున్నే రెండు సీసాల్లో నీళ్ళు పట్టడం ఆమె పని. భర్త సీసాలో మూత దాకా పడుతుంది, తన సీసాలో సగమే. ఆ సగంలో కూడా కాస్త మిగిలితే సాయంత్రం ఇంటికొచ్చి సింకులో ఒలకబోస్తుంది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ సీసా ఎందుకు సగమే ఉంటుందని ఎవరూ అడగలేదు.

నీళ్ళు పట్టేముందు ఇంకో పని ఉంటుంది. భర్త వాడి వదిలేసిన టాయిలెట్ కడగాలి. ఆయన నీళ్ళు పొయ్యడు. ఒకసారి అడిగితే, “నాకా వాసన పడదే, కడుపులో తిప్పేస్తుంది. నీకు అలవాటేగా!” అన్నాడు. తను చేసిన వాసన తనకే పడదట! బ్రష్షు పట్టుకుని వంగిన ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చి ఆమెకి వాంతి వచ్చినట్టవుతుంది. వాసనకి కాదు, మాటకి.

ఇద్దరూ పనిచేసేది ఒకే ఆఫీసులో. భవనాల ప్లాన్లు కంప్యూటర్లో గీసే చోటు అది. గోడలు, గుమ్మాలు, మెట్లు ఉండే అసలు ప్లాను ఒక ఫైలు. దాని మీద నీటి గొట్టాలు ఒకరు, కరెంటు లైన్లు ఒకరు వేరు వేరు ఫైళ్ళలో గీసుకుంటారు. ఆ అసలు ప్లాను వాళ్ళ ఫైళ్ళన్నిటికీ లింకై, అడుగున లేత బూడిదరంగులో కనిపిస్తూ ఉంటుంది. కనిపిస్తుందే గాని చెయ్యి పెట్టనివ్వదు. మార్చాలంటే పాస్‌వర్డు కొట్టి తాళం తియ్యాలి. అప్పుడా గీతలు నల్లగా పైకి తేలతాయి. ఒక గోడ జరిపి సేవ్ చేస్తే, అందరి ఫైళ్ళలోనూ ఆ గోడ జరిగిపోతుంది.

అసలు ప్లాను భర్తది. అంటే, కింద గడిలో ‘గీసినవారు’ అన్నచోట ఉండేది ఆయన పేరు. ఆమెది గొట్టాల పని. గొట్టం వేద్దామని చూస్తే తలుపు అడ్డొచ్చేది, మెట్లు దూలానికి కొట్టుకునేవి. చెబితే, “నువ్వే తాళం తీసి సరిచేసెయ్. నలుగురి ముందూ అనకు” అనేవాడు. భోజనాల వేళ ఆయన కుర్చీలో కూర్చుని ఆయన తప్పులు దిద్దేది. అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికొచ్చిన రోజులున్నాయి. ఆఫీసు నడిపే పెద్దసారు ఆ ప్లాను చూసి, “చెయ్యంటే నీదయ్యా!” అని భర్త భుజం తట్టేవాడు. ఒకసారి ఎవరో పొరపాటున గోడ చెరిపేశాక ఫైలుకి తాళం వేసింది కూడా ఆమే. పాస్‌వర్డు రాసుకోమంటే భర్త రాసుకోలేదు. “నీకు గుర్తుంటే చాలదూ? నా బుర్ర పెద్ద పనులకి ఉండనీ.”

ఆఫీసులో ఆడవాళ్ళు ముగ్గురు. వాళ్ళ కోసం కట్టిన టాయిలెట్లో పాత ప్లాన్ల చుట్టలు, కాలు విరిగిన కుర్చీ, ఎండిపోయిన రంగు డబ్బాలు. పెద్దసారు చాటుగా సిగరెట్టు కాల్చేదీ అక్కడే. కమోడు అంచు మీద పీకలు. చెమ్మ పట్టిన కాగితం, పొగ, మురుగు, అన్నీ కలిసి ముక్కులోంచి నాలుక మీదికి దిగే వాసన. సామాను ఉందని దానికో తాళం. తాళంచెవి పెద్దసారు సొరుగులో. వెళ్ళి చెయ్యి చాపాలి. ఆయన గోడ గడియారం కేసి చూసి, నవ్వి, “మళ్ళీనా?” అంటాడు. చుట్టూ మగవాళ్ళు తలెత్తకుండా నవ్వుతారు. ఆ నవ్వుల్లో భర్త నవ్వు ఆమెకి విడిగా వినిపిస్తుంది.

అందుకే సగం సీసా. రెండుసార్లు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది. అత్తగారు మాత్రం, “బయటికెళ్ళే ఆడది బిగబట్టుకోవడం నేర్చుకోవాలమ్మా. మేం చెయ్యలేదూ?” అంది. ఆ మాటన్నప్పుడు ఆవిడ మొహంలో గర్వం. అది చూసి ఆమెకి ఏడుపు రాలేదు, రోత పుట్టింది.

ఆ రోజు చేతిలో ఉన్నది ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిల హాస్టలు ప్లాను. తొంభై ఆరు మంది ఉంటారు. పన్నెండు టాయిలెట్లు. పెద్దసారు బయటినుంచి వస్తూనే కేకేశాడు.

“పన్నెండెందుకయ్యా, నాలుగు చాలు! ఆ జాగాలో ఓనరుగారు తనకో గది కావాలంటున్నారు. మూడింటికి వస్తారు, ప్రింటు రెడీగా ఉండాలి.”

కరెంటు లైన్లు గీసే అమ్మాయి మెల్లగా, “తొంభై ఆరు మంది కదా సార్, పొద్దున్నపూట...” అంది.

“ఆడపిల్లలు సర్దుకుంటారమ్మా. సర్దుకోవడం మీకు పుట్టుకతో వచ్చిన విద్య.”

అందరికంటే గట్టిగా నవ్వింది భర్తే. తర్వాత ఆమె కుర్చీ మీదికి వంగి, “విన్నావుగా, ఆ ఎనిమిదీ లేపెయ్. నేను టీ తాగొస్తా” అని వెళ్ళిపోయాడు.

ఆమె ఫైలు మీద నొక్కింది. కంప్యూటరు పాస్‌వర్డు అడిగింది. గడి వెనకాల లేత బూడిదరంగులో పన్నెండు చిన్న గదులు. ఒక్కోదాంట్లో బ్యాగు తగిలించుకోడానికి కొక్కెం, చెత్తబుట్టకి చోటు, లోపల గట్టిగా పడే గడియ కూడా గుర్తుపెట్టి ఉన్నాయి. తనకి లేనివన్నీ భోజనాల వేళ తనే కూర్చుని గీసింది. ఎనిమిది చెరిపితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తొంభై ఆరు మంది పొద్దున్నే సీసాల్లో సగం నీళ్ళే పట్టుకుంటారు. చెరిపిన చెయ్యి ఎవరిదో వాళ్ళకి తెలియదు. తనకి తెలుస్తుంది. వేళ్ళు కీబోర్డు మీదనుంచి తీసి చీరకి తుడుచుకుంది.

భర్త వచ్చాడు. “అయిందా?”

“నేను తియ్యనండీ.”

“ఏంటీ? మెల్లగా మాట్లాడు, చూస్తున్నారు.”

“చూడనివ్వండి. ప్లాను మీది, పేరు మీది. మీరే తియ్యండి.”

ఆయన పళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు. తన పేరు కొట్టాడు. తల్లి పేరు, బండి నంబరు, పుట్టినరోజు. భార్య పేరు మాత్రం తోచనే లేదు. తోచినా అది కాదు.

పెద్దసారు గదిలోంచి అరిచాడు, “ఏమ్మా, ఆ పాస్‌వర్డేదో చెప్పు!” ఆమె తన గొట్టాల ఫైలు తెరిచింది. రెండున్నరకి ఆయనే లేచి ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. అది రాసిచ్చే కాగితం ముక్కకోసం చెయ్యి చాపాడు. “చెప్పమ్మా, టైమైపోతోంది.”

ఆమె గోడ గడియారం కేసి చూసింది.

“మళ్ళీనా సార్?”

ఎవరూ నవ్వలేదు. కరెంటు అమ్మాయి మాత్రం నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“సార్‌తో ఏంటా మాటలు! ఇంటికి పద, చెప్తా నీ సంగతి!” భర్త మొహం కందగడ్డలా అయింది.

“వస్తాను. టాయిలెట్ బ్రష్షు మాత్రం రేపట్నించి మీదే.” పెద్దసారు వైపు తిరిగింది. “ఆ పన్నెండూ అలాగే ఉంటాయి సార్. నాలుగే కావాలంటే మొదట్నించీ గీయించుకోండి, ఈయన చేత. రేపట్నించి రావద్దంటే రాను.”

ఆమె కూర్చుని సీసా మూత తీసింది. సగం నీళ్ళూ ఒక్క గుక్కలో అయిపోయాయి. లేచి వెళ్ళి, ఆఫీసు కుళాయి దగ్గర సీసాని మూత దాకా పట్టి, నిలబడే అంతా తాగేసింది. చల్లగా, కడుపు బరువెక్కేదాకా.

ఇంకాసేపట్లో తాళంచెవి కావాలి. సొరుగు ఎక్కడుందో తెలుసు. ఈసారి అడగదు.