శుక్రవారం పోస్టుమార్టం

మా బ్యాండు పాటల వల్ల పైకొచ్చిందని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. ఇరవై రెండేళ్ళు అందులో బేసు గిటారు వాయించినవాణ్ణి, నాకు తెలుసు. మా పాటల గురించి రాసేందుకు పత్రికలవాళ్ళకు చోటు దొరికేది కాదు గానీ, అన్నయ్య పక్క బ్యాండువాళ్ళను తిట్టిన తిట్లకు మాత్రం పేజీ అంతా ఇచ్చేవాళ్ళు.

అన్నయ్య అంటే నా సొంత అన్నయ్యే. లీడ్ గిటారు ఆయనది, బ్యాండు పెట్టిందీ ఆయనే. పాడేవాణ్ణి చిలక అనేవాళ్ళం, ఎవరేం నేర్పితే అది పలుకుతాడని. డ్రమ్స్ వాయించేవాడు సుత్తి. వాడు చేతులతో కొట్టేది తక్కువ, నోటితో కొట్టేది ఎక్కువ. ఒక అచ్చాఫీసు పై గదిలో మా ప్రాక్టీసు. గోడలకు పాత తివాచీ ముక్కలు, కోడిగుడ్ల అట్టలు అంటించుకున్నాం. కింద యంత్రం ఆడినప్పుడల్లా నేల అదిరేది, సుత్తి ఆ యంత్రానికి తాళం రాదని తిట్టుకునేవాడు.

శుక్రవారం ప్రాక్టీసు అయ్యాక పోస్టుమార్టం ఉండేది. మాలో ఒకడు వేరే బ్యాండు పాట తెచ్చి పెట్టాలి. ఎవరిదో చెప్పకూడదు. చివరిదాకా నోరు మూసుకుని వినాలి. తరవాత ఒక్కొక్కడూ తీర్పు చెప్పాలి, ఆఖరి మాట అన్నయ్యది. సుత్తి వాటన్నిటినీ ఒక పొడుగు పుస్తకంలో రాసేవాడు. అంతా అయ్యాకే పాట ఎవరిదో బయటపెట్టడం. పుస్తకంలోకి ఎక్కిన మాటను కొట్టేయడానికి వీల్లేదు. ఒకసారి చిలక తన మేనమామ కొడుకు పాటనే ‘పళ్ళు తోముకుంటూ పాడినట్టుంది’ అని తీర్పు ఇచ్చాడు. నిజం తెలిశాక కాళ్ళావేళ్ళా పడ్డాడు, ఒక్క అక్షరం కూడా కొట్టనివ్వలేదు. ఆ వాక్యాన్ని పత్రికవాళ్ళకు కూడా ఇచ్చాం. ఆ ఇంట్లో చిలకకు ఇప్పటికీ మంచినీళ్ళు పుట్టవు.

ఒకసారి ముగ్గురు కుర్రాళ్ళ బ్యాండు తమ మొదటి పాట తీసుకుని మెట్ల మీద నించుంది, మా అభిప్రాయం కావాలట. లోపలికి పిలిచి, వాళ్ళ ముందే ఉతికి ఆరేశాం. పాడినవాడికి నేను చెప్పాను, ‘నీకు గొంతు లేదు బాబూ, ఉన్నది దగ్గు’ అని. సుత్తి నవ్వు ఆపుకోలేక స్టూలు మీంచి పడ్డాడు. కొన్నేళ్ళ తరవాత ఆ పాడినవాడు ఒక బూట్ల దుకాణంలో కనిపించాడు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నా పాదం కొలత తీసుకున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, నేనూ పట్టాను. ‘ఇది బాగా చేస్తున్నావు’ అన్నాను. ఆ రోజు నాకు చాలా సరదాగా ఉండింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, కానీ ఆ రోజు సరదాగానే ఉండింది.

మరి మేమేమన్నా ఒక మాట మీద నిలబడ్డామా అంటే, అదీ లేదు. మొదట్లో చెవులు చిల్లులు పడేలా వాయించేవాళ్ళం. నెమ్మదిగా వాయించేవాళ్ళందరూ ముసలాళ్ళని తేల్చాం. నాలుగేళ్ళకు నెమ్మది పాటలకు గిరాకీ పెరిగింది, మేమూ నెమ్మదించాం. అప్పటి నుంచి వేగంగా వాయించేవాళ్ళు చంటిపిల్లలు. జుట్టు పెంచాం, కత్తిరించాం. పెంచినప్పుడు పొట్టి జుట్టువాళ్ళు గుమాస్తాలు, కత్తిరించాక పొడుగు జుట్టువాళ్ళు పేలకొంపలు. మేము ఒక వీధి ఖాళీ చేసిన మర్నాటి నుంచే ఆ వీధిలో మిగిలినవాళ్ళను తిట్టేవాళ్ళం. ఒక్క విషయంలోనే మారలేదు. కీబోర్డు మా దరిదాపులకు రానివ్వలేదు.

ఆ రోజుల్లో ఒక బ్యాండులో కీబోర్డు వాయించే సన్నటి మనిషి ఉండేవాడు. అన్నయ్య పత్రికలో అన్నాడు: ‘వాడికి కావలసింది స్టేజీ కాదు, ఆఫీసులో బల్ల. టైపు చేసుకుని అయిదింటికి ఇంటికి పోతాడు.’ అంతే, లోకమంతా అతణ్ణి టైపిస్టు అనసాగింది. అతను స్టేజీ ఎక్కితే జనం కాగితాలు విసిరేవాళ్ళు, టైపు చెయ్యమని. రెండేళ్ళలో ఆ బ్యాండు మూతబడింది.

ఆ టైపిస్టునే ఎనిమిది నెలల కిందట మా బ్యాండులోకి తీసుకోవలసి వచ్చింది. వరసగా రెండు ఆల్బమ్‌లు మట్టి కరిచాయి. రికార్డు కంపెనీ మేనేజరమ్మ కీబోర్డు లేకపోతే మూడో ఆల్బమ్ లేదంది. అతను వచ్చిన రోజు అన్నయ్య పైనుంచి కిందికి చూసి, “ఆఫీసు టైముకే వచ్చావే” అన్నాడు. టైపిస్టు “అలవాటండి” అని తన మూలలో సర్దుకున్నాడు. వారం తిరక్కుండానే మా అందరికన్నా బాగా వాయిస్తున్నాడని తెలిసిపోయింది. ఎవరం పైకి అనలేదు.

మొన్న వేసవిలో మేనేజరమ్మ అన్నయ్యను వదిలేసి మిగతా నలుగురినీ పిలిపించింది.

“కొత్త పాటల్లో ఎలక్ట్రిక్ గిటారు వద్దు. మీ అన్నగారు రోజూ ఎవరో ఒకర్ని తిట్టి కూర్చుంటున్నారు, దుకాణాలవాళ్ళు మన రికార్డులు పెట్టుకోం అంటున్నారు. ఆయన లేకుండా చెయ్యండి. చేస్తారా, నలుగుర్నీ పంపించెయ్యమంటారా?” అంది.

మెట్లు దిగుతుంటే టైపిస్టు నాతో అన్నాడు, “వెళ్ళి ఉన్నమాట మొహం మీద చెప్పేద్దామండి. ఆయన అందరికీ అలాగే చెప్పాడు కదా.”

“నువ్వు చెప్తావా?”

“మీరు తమ్ముడు. మీరు చెప్పాలి.”

నాకు చేతకాలేదు. వేళ్ళ మీద బొబ్బలు లేస్తుంటే దూది చుట్టి మరీ నాకు బేసు నేర్పిన మనిషి. పెళ్ళయ్యేదాకా ఆయనింట్లోనే తిన్నాను, వదిన వడ్డించింది. ఆ మనిషి ముందు నిలబడి ‘నువ్వు అక్కర్లేదు’ అనడానికి నాకు నోరు రాదు. అలాగని ఆయన కోసం నా చోటు వదులుకుంటానా, అదీ లేదు. నలభై ఆరేళ్ళొచ్చాయి, బేసు తప్ప ఇంకో పని రాదు. అందుకని ఒక ఉపాయం పన్నాను. ఉపాయం అంటున్నాను గానీ, దాని అసలు పేరు పిరికితనం.

అన్నయ్యకు చెప్పకుండా వేరే స్టూడియోలో కొత్త పాట ఒకటి రికార్డు చేశాం. టైపిస్టు కట్టిన బాణీ. చిలక గొంతు తీసేశాం, వింటే దొరికిపోతాం. సుత్తి చేత కర్రలు మాన్పించి కుంచెలతో వాయింపించాం, వాడి జన్మలో అంత మెత్తగా కొట్టలేదు. దీన్ని శుక్రవారం పెడతాను. మేమంతా పొగుడుతాం. కీబోర్డు వినగానే అన్నయ్య ఒళ్ళు మండి చీల్చి చెండాడతాడు. పుస్తకంలోకి ఎక్కుతుంది. అప్పుడు ‘ఇకమీదట మన పద్ధతి ఇదే, నీకు నచ్చదని నువ్వే అన్నావు కదా’ అంటాం. ఆయన మాటతో ఆయనే బయటికి నడుస్తాడు, నా చేతికి మట్టి అంటదు.

టైపిస్టుకు ఇది నచ్చలేదు. అయినా వచ్చి కూర్చున్నాడు.

పాట పెట్టాను. అన్నయ్య గిటారు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కింద యంత్రం ఆగి ఉంది. పాట నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ ఆయన మొహం చూస్తూనే ఉన్నాను, ఎప్పుడు ముడుచుకుంటుందా అని.

చిలక మేం చెప్పిన పాఠం అప్పజెప్పాడు, “భలే ఉంది గురూ.” సుత్తి బాగుందని చెప్పి, పుస్తకంలో రాసుకున్నాడు. నా వంతు వచ్చింది. ఆయన్ను రెచ్చగొట్టాలని, “గిటారు లేకపోయినా ఏం లోటు లేదు” అన్నాను.

అన్నయ్య కళ్ళు తెరిచాడు.

“లోటేంట్రా? గిటారు పెట్టుంటే నాశనమయ్యేది. ఇందులో గిటారుకి చోటే లేదు. వద్దనుకున్నవాడెవడో వాడికి బుర్ర ఉంది. ఆ కీబోర్డువాడు చూశావూ, ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. మనలో ఎవడికీ తెలీదు ఆ సంగతి. రాసుకో సుత్తీ.”

సుత్తి పెన్ను కదల్లేదు. చిలక నా వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళలో అన్నయ్య ఒక పాటను అంతగా మెచ్చుకోవడం మేమెవరం వినలేదు. నా ఉపాయం బోర్లా పడింది. అయినా లోపల ఇంకో బుద్ధి, పోనీలే, ఇలా అయినా పని జరిగింది అని లెక్క వేసుకుంటోంది.

“అయిపోలేదు, రాయి” అన్నాడు అన్నయ్య. “బేసు ఎందుకు పెట్టారు? కీబోర్డువాడి ఎడమచెయ్యి చెప్పాల్సింది ముందే చెప్పేసింది. ఈ బేసువాడు వెనకాలే వచ్చి అదే మళ్ళీ చెప్తున్నాడు. పనేం లేకపోయినా నడింట్లో పడుకున్న చుట్టంలాగా. తప్పుగా వాయించాడనట్లేదు, తప్పుల్లేవు. అసలు వాడే అక్కర్లేదు. వాణ్ణి పంపించేస్తే పాట ఊపిరి పీల్చుకుంటుంది. ఇదే నా తీర్పు. ఎవరిదీ?”

పాట తెచ్చినవాడే చెప్పాలి. తెచ్చింది నేను.

“మనదేనండి” అన్నాడు టైపిస్టు. “కొత్త ఆల్బమ్‌లో మొదటి పాట. మీరు లేకుండా చెయ్యమంది కంపెనీ. ముందే చెప్పాల్సింది. చెప్పలేదు, క్షమించండి.”

అన్నయ్య తల ఊపాడు. గిటారు వైరు పీకి, చుట్ట చుట్టి, పెట్టెలో పెట్టాడు. సుత్తి దగ్గరికి వెళ్ళి పుస్తకంలోకి తొంగిచూశాడు.

“బేసు సంగతి రాయలేదే?”

సుత్తి నా మొహం చూస్తూనే రాశాడు. అది పూర్తయ్యేదాకా అన్నయ్య నించుని, తరవాత పెట్టె పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

నేను మెట్ల మీద పట్టుకున్నాను.

“అన్నయ్యా, మన పాటని తెలీక అన్నావు కదా?”

“పాట మొదటి చుట్టులోనే తెలిసింది. నీ వేళ్ళు నాకు తెలీవా? నాలుగో తీగ మీద ఎప్పుడూ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడతావు. చిన్నప్పుడే చెప్పాను, మానలేదు.”

“అయితే కోపంతో అన్నావు. నిన్ను తీసేస్తున్నామని కసితో అన్నావు.”

అన్నయ్య పెట్టెను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. “కోపం ఉంది. కోపంతోనే అన్నానని అనుకుంటే నీకు హాయిగా ఉంటుంది. అలాగే అనుకో. కానీ పాటని మళ్ళీ విను.”

“ఇప్పుడేం చేస్తావు?”

“మీ వదినకి చెప్పాలి. నీకంటే దానికి చెప్పడమే కష్టం, నిన్ను కొడుకులా చూసుకుంది” అని దిగిపోయాడు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయన కోసమా, నా కోసమా అంటే, నిజంగా చెబుతున్నాను, నా కోసమే.

మర్నాడు పొద్దున స్టూడియోకి వెళ్ళేసరికి నాకన్నా ముందే అందరూ ఉన్నారు. మేనేజరమ్మ కూడా. ఆ పొడుగు పుస్తకం తెరిచి ఆవిడ ముందు ఉంది. నన్ను చూసి ఎవరూ పలకరించలేదు, లేచి పోనూ లేదు. రికార్డింగాయన మీట ఒకటి పట్టుకుని, బేసు వినపడకుండా మెల్లగా కిందికి లాగాడు, పూర్తిగా.

పాట మొదలైంది. నేను తప్పు పట్టడానికే విన్నాను. ఇరవై రెండేళ్ళుగా చేసింది ఆ పనే, అందులో నన్ను మించినవాడు లేడు. ఎక్కడో ఒకచోట బోలుగా వినిపించాలి, ఎక్కడో ఒకచోట కూలిపోవాలి అని చెవులు రిక్కించి కాచుక్కూర్చున్నాను. ఎక్కడా కూలలేదు. చిలక గొంతు మళ్ళీ కలిపారు, అది ఎప్పుడూ లేనంత తేటగా వినిపించింది. సుత్తి కాలు తనకు తెలియకుండానే ఆడుతోంది.

పాట ఆగింది. టైపిస్టు నా వైపు తిరిగాడు. అతని మొహంలో పగ లేదు, పగ ఉంటే నాకు తేలికయ్యేది.

“తీర్పు మేం చెప్పాలాండీ, మీరే అంటారా?”

“బాగుంది” అన్నాను. నిజంగానే బాగుంది.